రెండో బాణం గుర్తు

యాభై ఒకటి పాయింటు రెండు. సైకిలు ఎడమ పిడి పక్కన అగ్గిపెట్టెంత తెర మీద ఆ వోల్టుల అంకె వెలుగుతోంది. నిండుగా ఎక్కిన బ్యాటరీ అయితే యాభై నాలుగు దాటి చూపించాలి. కానీ ఏడు నెలలు మెట్ల కింద పాత దుప్పటి కప్పుకుని పడి ఉన్నదానికి ఒకటిన్నరకు ప్లగ్గు పెట్టి రెండున్నరకు పీకేసి, ఇంతకన్నా ఎక్కలేదేమని నిలదీయడం న్యాయం కాదు. నలభై రెండుకు దిగితే కంట్రోలరు తనంతట తానే మోటారును ఆపేస్తుంది. మా వీధి చివరినుంచి వంతెన దాటి చువ్వలాయన సైకిలు దుకాణం దాకా పద్దెనిమిది కిలోమీటర్లు. నాలుగింటికి ఆయన తాళాలు యజమానికి అప్పగించి వెళ్ళిపోతాడు. రేపటినుంచి ఏదో గోదాములో కాపలా ఉద్యోగమట. నాలుగు లోపల నేను అక్కడ ఉండాలి, ఈ సైకిలుతో సహా ఉండాలి, ఉండి ఒక్క మాట చెప్పాలి: ఆ రోజు చక్రం ఊడింది మీ చెయ్యి తప్పడంవల్ల కాదు, నా లెక్క తప్పడంవల్ల. పట్టుమని పన్నెండు పదాలు లేని ఈ వాక్యాన్ని ఏడు నెలలుగా మోస్తున్నాను. టాక్సీ పిలిస్తే ఈపాటికి వంతెన దగ్గర ఉండేదాన్ని. కానీ టాక్సీలో దిగిన ముసలామె చెప్పే మాటను ఆయన మర్యాదకు వింటాడు, వినేసి మంచినీళ్ళు తాగుతారా అని అడుగుతాడు. ఆయన మనుషుల ముఖాలు చూసి మాట్లాడే మనిషి కాదు, చక్రం చూసి మాట్లాడే మనిషి. చక్రాన్నే తీసుకెళ్ళాలి. అందుకని డెబ్బై మూడేళ్ళ వయసులో, పదిహేను వందల వాట్ల మోటారు ముందు చక్రంలో పెట్టుకుని, కుడి బొటనవేలితో థ్రాటిల్ నొక్కుకుంటూ, మందుల దుకాణం మలుపు తిరుగుతున్నాను. మందుల దుకాణం ఆమె చీటీ రాస్తున్నదల్లా తలెత్తి చూసింది. చూడనీ.

ఒకటిన్నరకు ఫోను మోగింది. రోజూ ఒకటిన్నరకే మోగుతుంది. రోజు మొత్తంలో నా ఇంట్లో వినిపించే మనిషి గొంతు అదొక్కటే కనుక, ఆ మోతకు రెండు నిమిషాల ముందే నేను కుర్చీ జరుపుకుని కూర్చుంటాను. మా ఆడబిడ్డ. మా ఆయన చనిపోయిన ఏడాది, ఇద్దరం రెండు ఊళ్ళలో రెండు పొయ్యిలు వెలిగించడం దేనికని, కుట్టుమిషను ఒకటీ పెట్టె ఒకటీ పట్టుకుని మా ఇంటికి వచ్చేసిన మనిషి, పందొమ్మిదేళ్ళు నాతో ఉన్న మనిషి, అయిదు నెలలుగా వేరే ఊళ్ళో తన అక్క కూతురి ఇంట్లో ఉంటోంది. "వదినా, విన్నావా? ఆ చువ్వలాయన దుకాణం ఎత్తేస్తున్నాడట. ఇవాళ నాలుగింటికి తాళాలిచ్చేస్తాడట. బట్టలకొట్టావిడ చెప్పింది. పీడా పోయింది, ఇంకెవరి చెయ్యీ విరగదు." అలాగా అన్నాను. "అలాగా ఏంటి? నీళ్ళు తాగినట్టు అంటావేం?" భోజనం చేశావా అని అడిగాను. "ఎడం చేత్తో చేశా. సగం నాకు, సగం నేలకి. మా అక్క కూతురింట్లో పిల్లి బలిసిపోతోంది నా పుణ్యమా అని." నవ్వింది. నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక ఆ నవ్వు నా ముఖం మీద ఇంకా ఉందని, దాన్ని తీసేయడానికి కండరాలు కదలడం లేదని గమనించాను. తర్వాత లేచి మెట్ల కింది దుప్పటి లాగాను.

యాభై పాయింటు నాలుగు. దారి చదునుగా ఉంది. పక్కన పాఠశాల గోడ, గోడ మీదికి ఒరిగిన వేప నీడ, నీడలో ఆగి ఉన్న పాలవ్యాను. మోటారు మెల్లగా తిరిగేటప్పుడు ఒక చప్పుడు ఉంది, అది చప్పుడు కన్నా చేతుల్లోకి పాకే అదురు. ఎక్కడ విన్నాననుకుంటూ ఇంత దూరం వచ్చాను, ఇప్పుడు తెలిసింది. వెనక గదిలో ఆమె పొడవాటి అంచు కుట్టేటప్పుడు కుట్టుమిషను ఇలాగే అనేది. నేను ముందు గదిలో జవాబు పత్రాలు దిద్దుతుంటే ఆ అదురు గోడలోంచి వచ్చి బల్ల మీద ఎర్ర సిరా సీసాలో చిన్న వలయాలు వేసేది. విసుగ్గా ఉండేది. ఎన్నోసార్లు ఆ తలుపు వేసుకో అని కేకవేశాను. ఆమె వేసుకునేది కాదు. "తలుపేస్తే నీకు తోడుండదు వదినా." ఇప్పుడు ఆ తలుపు బార్లా తెరిచే ఉంది, మిషను మీద గుడ్డ కప్పి ఉంది, సీసాలో ఏ వలయమూ లేదు. నిశ్శబ్దానికి కొలత ఉండదని పాఠం చెప్పాను, ఉంటుంది. గ్లాసులో నీళ్ళు పోసి బల్ల మీద పెట్టి చూస్తే చాలు, అవి కదలకపోతే ఇంట్లో రెండో మనిషి లేరని అర్థం.

దేనివల్ల ఏది జరిగిందో వరసగా చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే బుర్రలో అన్నీ ఒకేసారి జరిగినట్టుంటాయి. ఆమె మోకాళ్ళు అరిగాయి. అరిగిన మోకాళ్ళతో, పాఠశాల యూనిఫారాల మూటలు వెనక క్యారియరు మీద కట్టుకుని వంతెన ఎక్కలేకపోయింది. సగం ఎత్తుకొచ్చి దిగి సైకిలును తోసుకుంటూ పోయేది. అది విని నేను, ఇంతకాలం సంపాదించిన విజ్ఞానం ఒక్కసారైనా ఇంటికి పనికి రావాలనిపించి, ఆమె బరువు, మూట బరువు, వంతెన వాలు కొలిచి, అంత వాలులో అంత బరువు కాలు కదపకుండా ఎక్కాలంటే ఎంత శక్తి కావాలో తేల్చాను. అయిదు వందల వాట్లు కష్టం మీద సరిపోతాయి. నేను కష్టం మీద సరిపోయేది కొనే మనిషిని కాను. పదిహేను వందలు తెప్పించాను. అట్టపెట్టె విప్పి, పళ్ళెమంత మోటారు బిగించి ఉన్న చక్రాన్ని చూసి ఆమె బుగ్గలు నొక్కుకుంది. "వంతెన దాటించమంటే చంద్రమండలానికి పంపుతున్నావేంటి వదినా?" నవ్వు అయిపోయాక మెల్లగా అంది, "నిజంగా నాకోసమేనా?" ఆ మాట నాకు తలకెక్కింది. శక్తి ఎక్కువ కనుక తిప్పే బలం ఎక్కువ. తిప్పే బలం ఎక్కువ కనుక ఇరుసు మీద ఒత్తిడి ఎక్కువ. చిన్న మోటారు తెప్పించి ఉంటే, ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే ఆ ఫోర్కు బహుశా పదేళ్ళు నిలిచేది. అంటే మొదటి తప్పు లెక్కలో కూడా కాదు, నేను చూపించుకోవాలనుకున్న ప్రేమ పరిమాణంలో ఉంది. కాదు. ఇది తప్పించుకునే వాక్యం. ప్రేమ మీదికి తోసేస్తే మనిషి మీద ఏమీ మిగలదు. కొట్టేస్తున్నాను.

నలభై ఎనిమిది పాయింటు ఆరు. గుంత. ముందు చక్రం ఎగిరి పడింది. ఎగిరి పడ్డప్పుడల్లా నా కళ్ళు ఇరుసు వైపే పోతున్నాయి. ఇప్పుడక్కడ రెండు వైపులా టార్క్ ఆర్ములు ఉన్నాయి: ఒక కొస ఇరుసుకు తొడిగి, రెండో కొస ఫోర్కు కాడకు కట్టేసే అరచేతి పొడవు ఉక్కుపట్టీలు. ఆమె పడ్డ వారంలోనే కొత్త ఫోర్కు వేరే దుకాణంలో వేయించాను, వీటిని నేనే బిగించాను, మూడు సాయంకాలాలు కూర్చుని. దానికీ ఒక లెక్క ఉంది. మోటారు చక్రాన్ని ముందుకు ఎంత బలంగా తిప్పుతుందో, కదలకుండా ఉండవలసిన ఇరుసును అంతే బలంగా వెనక్కి తిప్పజూస్తుంది. ఇరుసు చివర రెండు పక్కలా చదునుగా చెక్కి ఉంటుంది, ఆ చదును ఫోర్కు కొసన ఉన్న గాడిలో కూర్చుంటుంది, పైన నట్టు. పెద్ద మోటారుకు ఆ గాడి ఒక్కటే చాలదు, ఉక్కుపట్టీ కావాలి. మొదట మోటారు బిగించిన రోజు చువ్వలాయన సరిగ్గా ఇదే అన్నాడు.

చువ్వలాయన అన్న పేరు మా ఆడబిడ్డ పెట్టిందే. ఏ సైకిలు వచ్చినా ముందు దాన్ని తలకిందులుగా నిలబెట్టి, చక్రం చువ్వలను ఒక్కొక్కటే గోటితో మీటి, చెవి పెట్టి వింటాడు. వదులుగా ఉన్నది వేరేగా పలుకుతుందట. "సంగీత కచేరీ అయిపోయాక చెప్పవయ్యా, కూర్చుంటాం" అనేది ఆమె. ఆయన నవ్వేవాడు కాదు, కానీ ఆ మాట అనేదాకా తర్వాతి చువ్వ మీటేవాడూ కాదు. ఆ రోజు పెట్టెలోంచి చక్రం తీసి, మీటి, ఇరుసును వేళ్ళతో తడిమి, "పట్టీ చెయ్యాలండీ టీచరమ్మా. పెట్టెలో ఇచ్చింది రేకుముక్క, అది దేనికీ ఆగదు. మందం పలక కోసి చేస్తా. రెండు రోజులు ఇవ్వండి" అన్నాడు. రెండు రోజులు లేవు. మర్నాడు పొద్దున యూనిఫారాలు బడికి చేరాలి. ఆమె బయట రోడ్డు మీద నిలబడి, మూట మీద చెయ్యి వేసుకుని, "తేలుస్తారా లేదా ఇవాళ? నాకు కాజాలు కుట్టే పని ఇంకా మిగిలే ఉంది!" అని అరుస్తోంది. అప్పుడు నేను కాగితం అడిగాను. ఆయన గోడకున్న క్యాలెండరులో అయిపోయిన నెల చింపి ఇచ్చాడు. దాని వెనకవైపు గాడి బొమ్మ వేశాను, ఇరుసు వేశాను, కొలతలు రాశాను, ఉక్కు ఎంత ఓర్చుకుంటుందో పుస్తకం చూడకుండా రాశాను, బలం ఎటు పనిచేస్తుందో చూపిస్తూ ఒక బాణం గుర్తు గీశాను. ఓర్చుకోవలసిన దానికి రెట్టింపు ఓర్చుకుంటుందని తేలింది. కింద రెండు గీతలు గీశాను, తరగతిలో జవాబు కింద గీసేటట్టు. ఆయన ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, వేళ్ళ జిడ్డు అంటకుండా అంచులు మాత్రమే పట్టుకుని, చాలాసేపు చూశాడు. చూసి ఒక మాట అడిగాడు. తర్వాత పానా తీసుకున్నాడు.

ఏమడిగాడన్నది ఇప్పుడు వద్దు. ముందు వంతెన ఎక్కాలి.

వంతెన మొదలు. వాలు మొదలవగానే మోటారు గొంతు మారింది, అంకె ఒక్కసారిగా కుంగింది, నలభై అయిదు, నలభై నాలుగు పాయింటు మూడు. బరువు పడితే కుంగుతుంది, తీస్తే లేస్తుంది, ఆ మాత్రం నాకు తెలుసు, తెలిసినా గుండె అంకెతోపాటే దిగుతోంది. థ్రాటిల్ సగం వదిలి తొక్కడం మొదలుపెట్టాను. ఎడమ మోకాలు కిర్రుమంది. లారీ ఒకటి నన్ను దాటుకుంటూ పోయింది, వెనకాలే దుమ్ము, దుమ్ములో ఇనుము వాసన. ఆమె పడ్డ రోజు ఆసుపత్రి నడవలో కూడా ఇలాంటి వాసనే, ఇనుప మంచాలకు పాత రంగు గీకేస్తున్నారు. ఆమెను లోపలికి తీసుకెళ్ళారు. కుడి మణికట్టు మూడు చోట్ల విరిగింది, కత్తెర పట్టే చెయ్యి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె గొంతు వినపడుతోంది, నొప్పి కన్నా కోపం ఎక్కువగా ఉన్న గొంతు. చువ్వలాయన తలుపు పక్కన నిలబడ్డాడు. చేతులకు ఇంకా గ్రీజు ఉంది, కడుక్కోకుండా వచ్చేశాడు. స్ట్రెచరు బయటికి తెచ్చినప్పుడు ఆమె ఆయన్ని చూసింది. "చక్రం బిగించడం చేతకానివాడివి దుకాణం ఎందుకు పెట్టావయ్యా? నీ చెవులు కొయ్యా! చువ్వలు మీటుతావు కానీ నట్టు బిగించలేవా?" నడవంతా వినబడింది. ఆయన తల దించుకుని, "నట్టు నేనే బిగించానమ్మా. నా చెయ్యే తప్పి ఉంటుంది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "టీచరమ్మా, ఆ రోజు నేను మిమ్మల్ని..." అని ఆగాడు. నేను ఫారం నింపుతున్నాను. రోగి పేరు, వయసు, తీసుకొచ్చిన వారి పేరు, రోగితో బంధుత్వం. బంధుత్వం అన్న గడిలో వదిన అని రాస్తున్నాను. మూడక్షరాలు రాయడానికి ఎంతసేపు పట్టాలో అంతకన్నా చాలా ఎక్కువసేపు రాశాను. నేను తలెత్తేసరికి ఆయన లేడు.

నలభై మూడు పాయింటు ఒకటి. కింద నది, నీళ్ళు తక్కువ, ఇసుక మేటల మధ్య ఎవరిదో ఒక పడవ బోర్లించి ఉంది. ఇంకో వంద అడుగులు. నలభై రెండు పాయింటు ఎనిమిది. ఆగిపోతే దిగి తోసుకుపోతాను, ఆమె తోసుకున్నట్టే. ఆమె ఏళ్ళ తరబడి తోసింది, నేను ఒక్కసారి తోస్తే ఏమవుతుంది. ఆగలేదు. వంతెన నడుము మీదికి వచ్చేశాను. గాలి. ఇక్కడినుంచి అంతా దిగుడు.

బ్రేకు పిడి మీద వేళ్ళు వేశాను. వేయగానే మోటారు తన పనిని తిరగేసింది. ఇంతసేపూ ముందుకు తిప్పినది ఇప్పుడు చక్రాన్ని వెనక్కి పట్టి లాగుతోంది, ఆ లాగుడులో పుట్టిన కరెంటును బ్యాటరీకి పంపుతోంది. అంకె పైకి లేస్తోంది. నలభై ఆరు. నలభై ఏడు. బ్రేకు వదిలితే తగ్గుతోంది, పట్టుకుంటే పెరుగుతోంది. పెట్టె మీద ఈ సౌకర్యాన్ని పెద్ద అక్షరాల్లో రాశారు, నేనే చదివి వినిపించాను, "దిగేటప్పుడు ఊరికే చార్జి ఎక్కుతుంది" అని, ఆమె "దిగినందుకు కూడా కూలి ఇస్తారన్నమాట" అంది. పిడిలోంచి ఆ వెనక్కి లాగుడు నా మణికట్టు దాకా తెలుస్తోంది. కుదుపు, విడుపు, కుదుపు. ఇంక దాచలేను. ఆయన అడిగింది ఇదే. కాగితం అంచులు పట్టుకుని, తల పైకెత్తకుండా, "బ్రేకు పట్టినప్పుడు ఇది వెనక్కి గుంజుతుంది కదండీ టీచరమ్మా? అప్పుడు ఇరుసు అటువైపు తిరగాలని చూడదా?" అని అడిగాడు. అడిగి, ఎడమ పిడికిలిలో కుడి చేతి రెండు వేళ్ళు దూర్చి, ఇటు ఒకసారి, అటు ఒకసారి తిప్పి చూపించాడు. ఇటు, అటు. నాకు ఆ వేళ్ళు కనబడుతున్నాయి, గోటి చుట్టూ నల్లటి గీత, చూపుడువేలు మీద పాత కోత. నేను నవ్వాను. చెడ్డ నవ్వు కాదు, మంచి ప్రశ్న వేసిన విద్యార్థిని చూసి నవ్వే నవ్వు, అందుకే అది ఎక్కువ చెడ్డది. "అది దీనిలో మూడో వంతు కూడా ఉండదు. లెక్కలోకి రాదు" అన్నాను. నిజమే, మూడో వంతు కూడా ఉండదు. పరిమాణం చూశాను. దిశ చూడలేదు. ఒకే వైపు ఎంత బలంగా నెట్టినా ఆ గాడి ఓర్చుకునేది. ఇటూ అటూ మార్చి మార్చి నెడితే, ప్రతి మార్పుకూ ఇరుసు వెంట్రుక వాసి కదులుతుంది, కదిలిన ప్రతిసారీ నట్టు వెంట్రుక వాసి వదులవుతుంది. ముప్పై నాలుగేళ్ళు, బలం గీసి బాణం గుర్తు పెట్టని ప్రతి పిల్లకీ ప్రతి పిల్లవాడికీ అర మార్కు కోసేశాను. దిశ లేని బలం బలమే కాదని బల్ల గుద్ది చెప్పాను. నా కాగితం మీద ఒకటే బాణం ఉంది. రెండోది ఉండాలని, పదో తరగతి కూడా పూర్తిచేయని మనిషి, రెండు వేళ్ళతో గీసి చూపించాడు.

ఆమె ఆ సైకిలు మీద ఇరవై మూడు రోజులు తిరిగింది. రోజుకు రెండుసార్లు వంతెన. ఒక్కొక్క దిగుడులో ఎన్నిసార్లు బ్రేకు పట్టి ఉంటుందో కూడా తర్వాత లెక్కగట్టాను. లెక్కలు తర్వాత బాగానే వస్తాయి.

కలప అడితి. రంపపు పొట్టు వాసన ముక్కును నింపేసింది. ఇక్కడే. దిగుడు చదునయ్యే చోట, ఆ రెండో దుంగల కుప్ప ఎదురుగా, చక్రం ఫోర్కును వదిలేసి తన దారిన తాను పోయిందట, మూట చిరిగి తెల్ల చొక్కాలు పొట్టులో పడ్డాయట. అడితి పనివాళ్ళు చొక్కాలు దులిపి మడతపెట్టి ఇంటికి పంపారు. వంగిపోయిన ఫోర్కును గోనెసంచిలో పెట్టి పంపారు. ఆ సాయంకాలం ఆసుపత్రినుంచి వచ్చి, ముఖం కడుక్కోకుండా, భూతద్దం తీసి ఆ గాడిని చూశాను. ఇరుసు ఒకే వైపు తిరగబోయి ఉంటే గాడిలో ఎదురెదురు మూలలు రెండే నలగాలి. నాలుగు మూలలూ నలిగి ఉన్నాయి. నాలుగూ. అంటే మొదటి సాయంకాలమే నాకు తెలుసు. మర్నాడు చెప్పవచ్చు, ఆమెకు నొప్పిగా ఉంది అనుకున్నాను. వారానికి చెప్పవచ్చు, కట్టు విప్పాక అనుకున్నాను. కట్టు విప్పాక వేళ్ళు ముడుచుకోలేదు. కత్తెర పట్టించి చూశారు, జారిపోయింది. చెయ్యి లేనిదాన్ని నీకు భారమెందుకని ఆమె వెళ్ళిపోయింది, నేను ఉండమనలేదు, ఉండమంటే రోజూ ఆ చేతిని చూడాలి. చువ్వలాయన మోటార్లు బిగించడం మానేశాడని విన్నాను. ఎవరైనా చక్రం తెస్తే నా చేతిమీద నాకు నమ్మకం లేదండీ అని పంపేసేవాడట. పంక్చర్లు మాత్రం వేసేవాడట. పంక్చర్లతో దుకాణం నిలవలేదు. ఏడు నెలల నా మౌనానికి కారణం పరువు అనుకున్నాను చాలాకాలం. పరువు కాదు. చెప్తే ఒకటిన్నరకు ఫోను మోగదు. అంతే. ఆ ఒక్క మోత కోసం ఒక మనిషి తన చేతిని తాను నమ్మకుండా చేశాను.

నలభై రెండు. తెర వెలుగుతూనే ఉంది, మోటారు ఆగిపోయింది. ఎవరో వెన్ను మీదినుంచి చెయ్యి తీసేసినట్టు సైకిలు బరువెక్కింది. ఇంకా కిలోమీటరుంది. మూడూ నలభై. తొక్కాను, ఆగాను, తొక్కాను. సైకిలు మీద, గుమాస్తాలా ఉన్న ఒకాయన పక్కగా పోతూ, "బండికి ప్రాణం పోయిందా అమ్మగారూ?" అన్నాడు. "నాకింకా ఉంది" అన్నాను. నవ్వుకుంటూ పోయాడు. నాకు అంత ధీమాగా లేదు.

దుకాణం షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి చూశాను. గోడలు ఖాళీ, పనిముట్లు వేలాడిన చోటల్లా పానా ఆకారంలో, సుత్తి ఆకారంలో తెల్లటి మచ్చలు మిగిలాయి. ఆయన నేల మీద కూర్చుని గుడ్డలో పానాలు చుట్టి సంచిలో సర్దుతున్నాడు. నన్ను చూసి లేవలేదు, ముందు చక్రాన్ని చూశాడు. తర్వాత లేచాడు.

"ఒక్కరే వచ్చారా టీచరమ్మా? వంతెన మీదినుంచా?"

"ఒక్కదాన్నే. ఆ కాగితం ఉందా?"

ఏ కాగితమని ఆయన అడగలేదు. పనిముట్ల పెట్టె అడుగునుంచి తీశాడు, నాలుగు మడతలు, అంచుల్లో తప్ప ఎక్కడా జిడ్డు లేదు. సంచి మీద పరిచాను. కలం తీసి, ఏడు నెలల కిందటి బాణానికి పక్కన, దానికి ఎదురుగా రెండో బాణం గీశాను. "తప్పు మీ చేతిది కాదు. నా లెక్కది" అన్నాను. దారంతా దిద్దుకున్న వాక్యం అది కాదు, ఇంకా చిన్నదైంది. "బ్రేకు పట్టినప్పుడు అటువైపు తిరగదా అని మీరు అడిగారు. నేను లెక్కలోకి రాదన్నాను. ఆసుపత్రిలో మీరు అదే చెప్పబోయారు, నేను తలెత్తలేదు."

ఆయన రెండో బాణం వెంట, కాగితానికి తగలకుండా, గాలిలోనే వేలు నడిపాడు. బయట ఎవరో గంట కొట్టుకుంటూ పోయారు.

"అయితే నేను అడిగానన్నమాట" అన్నాడు చివరికి.

"అడిగారు."

"మా ఆవిడ అంటుంది, నువ్వు అడిగి ఉండవు, తర్వాత తర్వాత అడిగినట్టు నీకు నువ్వే అనుకుంటున్నావని. అడిగి ఉంటే టీచరమ్మ ఎందుకు చెప్పదు అంటుంది. నేనూ అదే నిజమనుకున్నానండీ. చెయ్యి ఎలాగూ పోయింది, బుర్ర కూడా పోయిందేమో అనుకున్నా." కాగితాన్ని మళ్ళీ మడిచాడు. "అడిగానా... సరే."

కోప్పడతాడేమో అనుకున్నాను, కోప్పడితే బాగుండేది. ఆయన చుట్టిన గుడ్డ విప్పి పదిహేడో నంబరు పానా తీశాడు. సైకిలు ముందు గొంతుకూర్చుని, నేను మూడు సాయంకాలాలు కూర్చుని బిగించిన టార్క్ ఆర్మును వేలితో తట్టి విన్నాడు.

"ఇది ఎవరు వేశారు?"

"నేనే."

పానా తొడిగి, భుజం కదపకుండా, మణికట్టుతో మాత్రం తిప్పాడు. నట్టు పావు తిప్పు కదిలింది. పద్దెనిమిది కిలోమీటర్లు, వంతెన ఎక్కుడూ దిగుడూ, ఆ పావు తిప్పు వదులుతో వచ్చాను. రెండో వైపుకు వెళ్ళి అక్కడ కూడా తిప్పి చూశాడు. అది సరిగానే ఉంది. అప్పుడు తన అరచేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు, ఎవరికో ఇచ్చిన వస్తువు తిరిగి వస్తే చూసుకునేటట్టు. నా సంచిలోంచి చార్జరు తీసి, "కరెంటు మీటరు రేపు గానీ ఊడదీయరు" అంటూ గోడలో గుచ్చాడు. ఎర్ర లైటు వెలిగింది.

"యజమాని వస్తే ఓ గంట ఆగమంటాలెండి" అన్నాడు. దుకాణం ఉంచుతానని అనలేదు. ఉంచమని అడిగే అర్హత నాకు లేదు. మళ్ళీ సర్దడం మొదలుపెట్టాడు, కానీ ఆ పదిహేడో నంబరు పానా మాత్రం గుడ్డలో చుట్టలేదు, జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి వెనక్కి తిరగకుండానే అడిగాడు, "ఆ అమ్మగారికి తెలుసాండీ?"

"ఇంకా తెలియదు."

ఆయన చెప్పమనలేదు. ఊరుకున్నాడు. ఏడు నెలల కిందట ఆసుపత్రి నడవలో ఊరుకున్నట్టే ఊరుకున్నాడు; ఆ ఊరుకోవడం మీదే ఇన్నాళ్ళూ నేను బతికాను. తిరగేసి ఉన్న చెక్కపెట్టె మీద కూర్చున్నాను. ఆమెకు చెబితే ఏమేమి జరుగుతుందో వరసగా చెప్పుకున్నాను. మొదట ఆమె నమ్మదు. తర్వాత తన ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుంటుంది. తర్వాత, ఏడు నెలలా వదినా, అంటుంది. రేపు ఒకటిన్నరకు నేను కుర్చీ జరుపుకుని కూర్చుంటాను, గ్లాసులో నీళ్ళు కదలవు. ఇంతకు మించి ఏమైనా జరుగుతుందేమో నా లెక్కకు అందదు. అందనివాటిని వదిలేయకూడదని ఇప్పటికి తెలిసింది. ఫోను తీశాను. రోజూ ఆమే చేస్తుంది, నేనుగా ఎప్పుడూ చేయలేదు, పేరు వెతుక్కోవలసి వచ్చింది. మూడుసార్లు మోగింది. నాలుగోసారికి ఎత్తిన చప్పుడు. ఎడం చేత్తో ఎత్తుతుంది కనుక చెవికి చేరేలోపల ఎప్పుడూ కాస్త గరగరమంటుంది. వెనక ఎక్కడో పిల్లి అరిచింది. గరగర ఆగింది.

"చెప్పు వదినా" అంది.